ఐ యామ్ ఫైన్, థాంక్యూ సార్!

కొండల్లోని బడిపిల్లలకి ఇంగ్లీషే చెప్పాలి. అదీ ఒకటో తరగతి నుంచి కాదు, ఊయలలో ఉండగానే మొదలుపెట్టాలి!

నవ్వకండి. అనంతగిరి మండలంలో బస్సు దిగి రెండు గంటలు కొండెక్కితే గుమ్మవలస వస్తుంది. అక్కడి ఏకోపాధ్యాయ పాఠశాలలో రెండువేల ఒకటి దాకా పాఠాలు చెప్పిన అనుభవంతో అంటున్నాను.

నాది విజయనగరం పక్క. నాకొచ్చింది తెలుగు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. వాళ్ల మాట నాకు తెలియదు, నా మాట వాళ్లకి తెలియదు. అలాంటి చోట తెలుగులో చెబితే మాస్టారిది పైచేయి. వాళ్ల భాషలో చెబితే పిల్లలది పైచేయి. అదే ఇంగ్లీషనుకోండి, ఎవరికీ రాదు! ఇంతకు మించిన సమానత్వం ఇంకెక్కడుంది?

క్రమశిక్షణ సంగతీ చూడండి. 'ఏ ఫర్ యాపిల్' అన్నాను. ఆ ఊళ్లో యాపిల్ని చూసినవాడు లేడు. ముప్ఫై మందీ నోరు మూసుకుని రాసుకున్నారు. పొరపాటున పనసకాయ అని ఉంటే? మా చెట్టుది తియ్యన, మీ చెట్టుది పీచు, మొన్న ఎలుగుబంటి వచ్చి మొత్తం తినేసింది అంటూ ముప్ఫై కథలు! ఇంక సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?

మూడో తరగతిలో కనక అనే పిల్ల ఉండేది. ఎనిమిదేళ్లు. విన్నది విన్నట్టు అప్పజెప్పేది. "హౌ ఆర్ యూ?" అనడం ఆలస్యం, "ఐ యామ్ ఫైన్, థాంక్యూ సార్" అని ఒక్క ఊపిరిలో అనేసేది. దాని అర్థమేమిటని ఏనాడూ అడగలేదు. ఆదర్శ విద్యార్థిని అంటే అలా ఉండాలి!

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మండల విద్యాధికారి జగన్నాథరావు గారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. ముందురోజు నేను పిల్లల చేత ఆ వాక్యమే వల్లె వేయిస్తున్నాను. కనక లేచి నా బల్ల దగ్గరికొచ్చింది. నా ముఖంలోకి చూస్తూ "ముండ" అని, ఇంకా ఏదో అంది.

ఎంత మాట! పన్నెండేళ్ల సర్వీసు ఉన్న మాస్టార్ని పట్టుకుని!

గంటసేపు గోడకుర్చీ వేయించాను. జారి కూలబడితే మళ్లీ లేపాను. "సే సారీ" అన్నాను. చెప్పింది. చూశారా, ఇంగ్లీషు ఎంత మర్యాద నేర్పుతుందో!

మర్నాడు అధికారి గారు కొండెక్కి ఆయాసపడుతూ వచ్చారు. ముందు వరుసలో కనక కళ్లు ఎర్రగా ఉన్నాయి. వణుకుతోంది. పెద్దాయన్ని చూసి భయపడుతోందనుకున్నాను.

"హౌ ఆర్ యూ?" అన్నారాయన.

"ఐ యామ్ ఫైన్, థాంక్యూ సార్."

"శభాష్! మైదానంలో కాన్వెంటు పిల్లలకి కూడా ఇంత ధైర్యం లేదయ్యా" అని తనిఖీ రిజిస్టర్లో 'వెరీ గుడ్' రాసి సంతకం పెట్టి వెళ్లారు. ఆయన కొండ మలుపు తిరిగారో లేదో, కనక నేల మీదికి ఒరిగిపోయింది. నుదురు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది.

కాఫీ తోటలో పనిచేస్తున్న తండ్రి సోంబరుకి కబురు పంపాను. అతను వచ్చేసరికి పిల్ల కళ్లు మూసుకుని మళ్లీ ఆ మాటే గొణుగుతోంది.

"వింటున్నావా? ఇంత జ్వరంలోనూ బూతులే!" అన్నాను.

సోంబరు నాకేసి వింతగా చూశాడు. "తిట్టనేదు మాస్టారూ. ముండంటే మా బాసలో బుర్ర. బుర్ర నొప్పెడతందంటంది. మూడ్రోజులై సెప్తంది. నిన్న మీకూ సెప్పిందంట కదా?"

అతను కూతురి నుదుటి మీద చెయ్యి వేసి చూసి, మళ్లీ నాకేసి తిరిగాడు.

"మాస్టారేటి సేసారే అనడిగితే గోడకి కూకోబెట్టారంది. మీ బళ్లో అదో వైద్యవేమో అనుకున్నాం."

కూతుర్ని దుప్పటితో వీపుకి కట్టుకుని అతను ముందు, నేను వెనక, కొండ దిగాం. దారంతా అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆసుపత్రిలో డాక్టరు మెదడు మలేరియా అన్నాడు. "ఇంకొక్క పూట ఆగి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు. తలనొప్పని పిల్ల ముందే చెప్పలేదా?" అనడిగాడు.

రెండు భాషలు బోధించేవాణ్ని. పిల్ల చెప్పింది మూడో భాషలో.

పదకొండు రోజులకి కనక లేచి తిరిగింది. నేను పైవాళ్లకి అర్జీ పెట్టుకున్నాను, పిల్లల భాష నాకు నేర్పించమని. జవాబు నెల తిరక్కుండానే వచ్చింది. అలాంటి పథకమేదీ లేదట. కాకపోతే తనిఖీలో మా బడి కనబరచిన ప్రతిభను మెచ్చి నన్ను విశాఖపట్నంలో పది రోజుల స్పోకెన్ ఇంగ్లీషు శిక్షణకి ఎంపిక చేశారట! వెళ్లొచ్చాను. భోజనాలు బాగున్నాయి.

ఇంక వేరే దారి లేక, బడి వదిలాక కనకనే పక్కన కూర్చోబెట్టుకుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేను కుండలో నీళ్లు చూపిస్తే తను ఆ మాట చెప్పేది. నేను పలికిన తీరుకి పగలబడి నవ్వేది. మళ్లీ చెప్పేది. నేను ఎన్నిసార్లు తప్పినా విసుక్కునేది కాదు. శిక్షణ పొందిన టీచరు కాదు కదా, పాపం!

ఒకరోజు తనే పొట్ట మీద చెయ్యి వేసుకుని "భోక్" అంది. ఆకలి అన్నమాట.

ఆ మాట నాకు కొత్త కాదు. రోజూ పదకొండు దాటాక తరగతిలో నాలుగు మూలల నుంచీ వినబడేదే. అల్లరి చేస్తున్నారనుకుని "సైలెన్స్!" అని అరిచేవాణ్ని.

మంచి పిల్లలు. ఒక్క కేకకే ఊరుకునేవారు.