గజ్జి తెచ్చిన అభివృద్ధి

పట్టణ ప్రజల శ్రేయస్సు దృష్ట్యా పురపాలక స్నానశాలను మార్కెట్టుకు అప్పగించడమైనదని మంగళవారం ఉదయం తలుపు మీద నోటీసు అంటించారు. దాన్ని అందరికంటే ముందు చదివింది బుర్మకాన్. ఇరవై ఆరేళ్లుగా ఆ స్నానశాల బాయిలర్‌లో బొగ్గు వేస్తున్నది ఆవిడే. రెండుసార్లు చదివినా ఈ మార్కెట్టుగారు ఎవరో ఆవిడకు బోధపడలేదు.

సాయంత్రం సభలో బోధపడింది. ఆయన పేరు సగినాలి. సోవియట్ రోజుల్లో, నరిన్ నది ఒడ్డున ఉన్న ఆ పట్టణంలోనే, వ్యాపారం సమాజానికి ఎంత కీడో ఇరవై ఏళ్లపాటు ఉపన్యసించిన పెద్దమనిషి. ఇప్పుడు అదే వేదిక మీద, అదే గాజు కూజాలో నీళ్లు తాగుతూ, అది ఎంత మేలో వివరించాడు. గొంతు కూడా పాతదే.

"సోదరులారా! ఇన్నాళ్లూ మీరు స్నానం చేశారు, నిజమే. కానీ ఏ స్నానం కావాలో ఎంచుకున్నారా? లేదు! రేపటి నుంచి ఎంచుకుంటారు!"

అన్నట్టుగానే వేడినీళ్లకు ఒక టికెట్టు, చన్నీళ్లకు ఒకటి, ఆవిరికి ఇంకొకటి పెట్టారు. మొదటి శనివారం లెక్కల మాస్టారు జపర్‌కుల్ చన్నీళ్ల టికెట్టు కొని లోపలికి వెళ్లాడు. ఆయన తల నుంచి పాదాల దాకా సబ్బు రాసుకునేలోగా టికెట్టు ధర రెట్టింపయింది, తేడా కట్టేదాకా కుళాయి కట్టేశారు. సబ్బు రాసుకున్నవాడికి నీళ్ల అవసరం ఎక్కువ, అవసరం ఎక్కువైనచోట ధర పెరగడం శాస్త్రీయం అని సగినాలి తలుపు అవతలి నుంచి ఓపికగా బోధించాడు. లెక్కల మాస్టారు కాబట్టి ఆ సంగతి ఆయనకు వెంటనే అర్థమైంది. కళ్లు మాత్రం తెరవలేకపోయాడు.

బుర్మకాన్ చూస్తూ ఊరుకోలేక ఒక బకెట్టు గోరువెచ్చని నీళ్లు తెచ్చి ఆయన నెత్తిన కుమ్మరించింది. మార్కెట్టు సహజ గమనానికి ఆటంకం కలిగించిన నేరానికి ఆవిడను ఆ రోజే ఉద్యోగంలోంచి తీసేశారు.

జనం రావడం తగ్గించారు. రాబడి తగ్గిందని సగినాలి ధరలు పెంచాడు. ధరలు పెరిగాయని జనం పూర్తిగా మానేశారు. ఇళ్లలో ఇంటిల్లిపాదికీ ఒకే తొట్టి, ఒకే తువ్వాలు. వసంతం రాకముందే పట్టణమంతటికీ గజ్జి పట్టింది.

అభివృద్ధి నిజంగా మొదలైంది అప్పుడే. సగినాలి బావమరిది స్నానశాల ఎదురుగా గంధకం లేపనం దుకాణం తెరిచాడు. ఆ తర్వాత గోకుడు కర్రల దుకాణం వెలిసింది. రెండింటి ముందూ బారులు తీరిన జనాన్ని చూసి రాజధాని పత్రికవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. శుభ్రంగా ఉన్న రోజుల్లో ఈ పట్టణంలో ఎవరూ ఏమీ కొనేవారు కారు.

ఒక శనివారం పక్కింటి కలీపా మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. పసిదాని వేళ్ల సందుల్లో నెత్తురు.

"బుర్మకానక్కా, రాత్రంతా ఒకటే ఏడుపు. నీ పెరట్లో ఆ చిన్న స్నానపు గది ఉంది కదా..."

"ఉంటే అడగడానికి ఇన్నాళ్లా? నీ మొహం! ముందు పిల్లను ఇటివ్వు."

గోరువెచ్చని నీళ్లు తగలగానే పిల్ల ఏడుపు ఆపి, ఆవిడ భుజం మీదే నిద్రపోయింది. బుర్మకాన్ చాలాసేపు కదలకుండా కూర్చుంది. మరుసటి శనివారం నుంచి జనం పిడకలు మోసుకుని మరీ వచ్చారు. ఆవిడ పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నీళ్లు కాచి పోసింది. మూడు వారాలకే లేపనం అమ్మకాలు పడిపోయాయి. పట్టణ ఆర్థిక వ్యవస్థకు పొంచి ఉన్న ప్రమాదం గురించి తెలిసి ఇన్‌స్పెక్టరు మేదెర్ పరుగున వచ్చాడు.

"అక్కా, ఇది అక్రమ పోటీ."

"పోటీ ఉంటే మంచిదని మీ సగినాలే చెప్పాడుగా?"

"పోటీ ఉండాలక్కా. ఊరికే చేస్తే అది పోటీ కాదు, విధ్వంసం." అంటూ మేదెర్ వీపు గుమ్మానికి ఆనించి రుద్దుకున్నాడు.

బుర్మకాన్ తలుపు బార్లా తీసింది. "సరేలే తమ్ముడూ, ఆ చొక్కా విప్పి లోపలికి రా. నీళ్లు వేడిగా ఉన్నాయి."

మేదెర్ గంటసేపు స్నానం చేశాడు. రెండు గిన్నెల టీ తాగాడు. ఆవిడకు మనసారా కృతజ్ఞతలు చెప్పి, స్నానపు గది తలుపుకు సీలు వేసి వెళ్లిపోయాడు.

మే నెలలో ఆ పట్టణానికి ఉత్తమ ప్రగతి పతాకం వచ్చింది. స్నానశాలను ఇక శాశ్వతంగా సగినాలికే రాసిచ్చే తీర్మానాన్ని కూడా ఆ పతాకం అందుకునే సభలోనే ప్రవేశపెట్టారు.

"దీన్ని వ్యతిరేకించేవారు చేతులెత్తండి!" అన్నాడు అధ్యక్షుడు.

సభలో చేతులన్నీ గోక్కునే పనిలో ఉన్నాయి. చివరి వరసలో బుర్మకాన్ ఒక్కతే చెయ్యెత్తింది. అధ్యక్షుడు ఆ చేతిని శ్రద్ధగా పరిశీలించి, దాని మీద ఒక్క పొక్కు కూడా లేదనీ, ఈ సమస్యతో సంబంధం లేని వ్యక్తికి ఓటు చెల్లదనీ ప్రకటించాడు.

"అదీ న్యాయమే," అన్నాడు ఆవిడ పక్కనే కూర్చుని గోక్కుంటున్న లెక్కల మాస్టారు. "దురద లేనివాళ్లకు మన బాధేం తెలుస్తుంది!"