పాతబట్టకు పట్టా

"నేటి నుంచి ఈ కళాశాల ప్రాంగణంలో కొత్త గుడ్డ అనే మాట వినిపించకూడదు!"

ఫ్యాషన్ కాలేజీ ప్రిన్సిపాల్‌గారు ఈ ప్రకటన చేసింది సరికొత్త సూటులో. దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు. అంత పెద్ద మాట పాత సూటులో చెబితే ఎవరు వింటారు? ప్రపంచం పారేసిన బట్టల కింద పడి ఊపిరాడక కొట్టుకుంటోందనీ, దాన్ని పైకి లాగే బాధ్యత ఈ ఏడాది ఆఖరి సంవత్సరం విద్యార్థుల మీద పడిందనీ ఆయన వివరించారు. కాబట్టి పరీక్షకూ, దానితోపాటు జరిగే పోటీకీ చూపించే దుస్తులన్నీ వాడిన పాత బట్టలతోనే కుట్టాలి. ప్రపంచాన్ని కాపాడటానికి గడువు సెలవుల్లోపు. ఆలస్యమైతే మార్కులు కోస్తారు.

హాలంతా చప్పట్లు కొట్టి, బయటికొచ్చి తల పట్టుకుంది. బొత్తాం ఒక్కత్తే నవ్వుకుంటూ ఇంటికి పోయింది.

బొత్తాం అసలు పేరు హాజరు పట్టీలో వేరే ఉంది. మొదటి సంవత్సరంలో ఒకరోజు నోట్లో బొత్తాం పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తుండగా హాజరు పిలిచారు. పలకబోయి మింగేసింది. ఆనాటి నుంచి తోటివాళ్ళతోపాటు మాస్టార్లు కూడా అలాగే పిలుస్తున్నారు. ఆ పిల్ల పెరిగింది పెద్దమ్మ దగ్గర. పెద్దమ్మ ఇంట్లో పారేయడం అనే పని లేదు. చొక్కా కాలరు నలిగితే తిప్పి కుడుతుంది. మోచేయి పలచబడితే లోపల అతుకు వేస్తుంది. ఆ తర్వాత ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి బీరువాలో పెడుతుంది. పెదనాన్న పోయి చాలా కాలమైనా ఆయన చారల చొక్కాలూ, బూడిదరంగు ఉన్ని ప్యాంట్లూ, రేపు పొద్దున్నే ఆయన పోస్టాఫీసుకు వెళ్ళాల్సి ఉన్నట్టు ఆ బీరువాలో వరసగా ఉన్నాయి.

"పెద్దమ్మా... పెదనాన్నవి తీసుకోనా?" అంది బొత్తాం నసుగుతూ.

పెద్దమ్మ బీరువా తలుపు మీద చేయి వేసి కాసేపు అలాగే నిలబడింది.

"తీసుకో. ఇక్కడుండి అవి మాత్రం ఏం చేస్తున్నాయి?" అంది చివరికి. "కానీ కత్తెర పెట్టి చింపకు. కుట్లు విప్పి తియ్యి. ఆయనకి చిరిగిన బట్ట వంటిమీద వేసుకోవడం అస్సలు గిట్టదు."

బొత్తాం కుట్లు విప్పింది. ఉన్ని ప్యాంట్లు కలిపి పొడవాటి కోటు కుట్టింది. దానికి లోపల అస్తరుగా చారల చొక్కాలు వేసింది. పరీక్షకు కావలసిన మిగతా జతలు పాత దుప్పట్లతోనూ కర్టెన్లతోనూ తయారయ్యాయి. ఈ పరీక్ష గట్టెక్కితే నాటకాల కంపెనీలో దుస్తులు కుట్టే ఉద్యోగం ఖాయం. వాళ్ళు ఆమె పని చూసి ఎప్పుడో సరేనన్నారు. పాసైన కాగితం ఒక్కటి తెచ్చి చూపించమన్నారు, అంతే.

కాలేజీలో మిగతావాళ్ళ పరిస్థితి వేరు. బొత్తాం పక్క మిషను మీద కుట్టే కుర్రాణ్ణి అందరూ పొడుగు అంటారు. వాడు సరికొత్త జీన్సు గుడ్డ తాను ఒకటి భుజాన వేసుకొచ్చాడు.

"అదేంట్రా? పాతవి కదా తెమ్మన్నది! మీ ఇంట్లో పాత బట్టలే లేవా?"

"మా ఇంట్లో ఏదైనా పాతబడే దాకా ఉంచితే కదా!" అన్నాడు పొడుగు దిగులుగా. "కొంటారు, రెండుసార్లు వేస్తారు, పారేస్తారు. ఇప్పుడు చూడు నా ఖర్మ. కొత్తది కొని పాతది చేసుకోవాలి."

వాడొక్కడే కాదు, తరగతి మొత్తానిదీ అదే ఖర్మ. అందుకని ఎవరి తంటాలు వాళ్ళు పడ్డారు. కొందరు గుడ్డను టీలో నానబెట్టారు. కొందరు ఇనప బ్రష్షుతో గీరారు. ఒకమ్మాయి పెరట్లో పాతిపెట్టి, రోజూ తవ్వి చూసి, ఇంకా పాతబడలేదని ఏడ్చి మళ్ళీ పాతిపెట్టేది. కాలేజీ వారు కూడా ఊరుకోలేదు. కొత్త గుడ్డను పాతబరిచే యంత్రం ఒకటి కొత్తది తెప్పించి, రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. ఎదురు వీధిలో బట్టల కొట్టాయన బోర్డు మార్చేశాడు. 'ఇప్పుడే వచ్చిన తాజా పాత బట్టలు ఇక్కడ దొరుకును!' కొత్త వాటికన్నా వాటి ధర ఎక్కువ. పాతబరిచిన కూలీ కలిపాడట.

పొడుగు తన తానును వీధిలో పరిచి దాని మీద స్కూటరు నడిపాడు. ఆపైన దాంతో కుట్టిన చొక్కాను పెంపుడు కుక్క ముందు పడేశాడు. కుక్క ఒక చేతిని పూర్తిగా నమిలేసింది.

తొలి పరిశీలన రోజు వచ్చింది. విద్యార్థులకు దారి చూపించే మాస్టారు కమిటీని వెంటబెట్టుకుని వచ్చి బొత్తాం కోటు ముందు ఆగిపోయారు. ముందుకు చూశారు, వెనక్కి తిప్పి చూశారు, వాసన చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"కోటండీ. పాత ప్యాంట్లూ చొక్కాలూ..."

"ఇందులో పాతదెక్కడ?"

"మొత్తం పాతదేనండీ."

"సబ్బు వాసనొస్తోంది!"

"ఉతికామండీ."

"ఎందుకు ఉతికారు?"

బట్టలు ఎందుకు ఉతుకుతారో కాలేజీలో ఏ పాఠంలోనూ చెప్పలేదు.

"పాతదైతే చాలదమ్మా, పాతగా కనబడాలి," అన్నారు మాస్టారు జాలిగా. "అటు చూడు, పొడుగు ఎలా చేశాడో! ఆ చెయ్యి చూడు. ఆ పోవడంలో ఎంత బాధ ఉంది! ఎవరు చేశారయ్యా అది?"

"మా కుక్కండీ."

"అద్భుతం. దాని పేరు కూడా కరపత్రంలో వేయించు."

మర్నాడు బొత్తాం చేతికి కాగితం వచ్చింది. 'మీరు సమర్పించిన దుస్తులు శుభ్రముగాను, చిరుగులు లేకుండాను, ధరించుటకు వీలుగాను ఉన్నట్లు కమిటీ దృష్టికి వచ్చినది. కొత్త గుడ్డ వాడి పాతదని నమ్మించబూనినందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలెను.'

పెద్దమ్మ కాగితం చదివి, గోడకున్న పెదనాన్న ఫొటో దించి సంచిలో పెట్టుకుని కాలేజీకి బయల్దేరింది. ఫొటోలో పెదనాన్న అదే చారల చొక్కాలో నవ్వుతున్నాడు.

మాస్టారు ఫొటో చూసి తల అడ్డంగా ఊపారు. "ఫొటోలో ఉన్నది చొక్కా. ఇక్కడున్నది కోటు. ఆ చొక్కాయే ఈ కోటని ఏమిటమ్మా రుజువు?"

"వేసుకున్న మనిషి వచ్చి చెబితే ఒప్పుకుంటారా బాబూ?"

"ఎందుకొప్పుకోం? తీసుకురండి."

"రాలేరు. ఆయన పోయారు."

మాస్టారు మర్యాదగా లేచి నిలబడి, ఒక నిమిషం మౌనం పాటించి, మళ్ళీ కూర్చున్నారు. "అయితే ఆయన పోయిన తర్వాత ఈ చొక్కాలు కొనలేదని ఏమిటి రుజువు?"

పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "పోయిన మనిషికి చొక్కాలెవరు కొంటారు నాయనా?"

"అదే కమిటీ కూడా ఆలోచిస్తోందమ్మా."

పెద్దమ్మ వెళ్ళాక మాస్టారు బొత్తాంను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు. నిజానికి ఆయన చెడ్డవారు కాదు. పైవాళ్ళంటే భయం, అంతే. "నా మాట విని భుజం దగ్గర ఇంత చింపెయ్యి. ఓ రెండు మరకలు పడనీ. నేను చూసీ చూడనట్టు పాస్ చేసేస్తా. బంగారం లాంటి ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

బొత్తాం కుట్టుగదిలో కోటును బల్ల మీద పరిచి కత్తెర తీసుకుంది. భుజం మీద పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. పొడుగు జాలిపడి, "పోనీ నా స్కూటరు తీసుకో. ఒక్క రౌండు, నొప్పి తెలీదు," అన్నాడు, కోటుకో బొత్తాంకో ఎవరికి చెప్పాడో గానీ. ఆ పిల్లకి బీరువా తలుపు మీద చేయి వేసి నిలబడ్డ పెద్దమ్మ కనిపించింది. కత్తెర సొరుగులో పడేసింది.

"ఫెయిలైతే అవుతాను. చింపను," అంది. అని, మిషను చాటున తల దాచుకుని కాసేపు ఏడ్చింది.

పోటీ రోజు పొద్దున్నే రెండో కాగితం అందింది. 'కొత్త గుడ్డ వాడినట్లు నిర్ధారణ అయినందున పరీక్ష నుండియు పోటీ నుండియు తొలగించడమైనది.' కింద మాస్టారి సంతకం. బొత్తాం బట్టలన్నీ వేదిక వెనక వరండాలో ఒక కొయ్యకు తగిలించి, 'కొత్తవి, ముట్టరాదు' అని చీటీ అంటించారు. అవి తీసుకెళ్ళిపోదామని పెద్దమ్మ కూడా వచ్చింది. కానీ ప్రధాన న్యాయనిర్ణేత రాకకోసం గేట్లు మూసేశారు. ఇద్దరూ వరండాలోనే ఒక బెంచీ మీద కూర్చున్నారు.

ప్రధాన న్యాయనిర్ణేత అంటే సామాన్యురాలు కాదు. పాత బట్టల ఉద్యమానికి తల్లి అంటారు. ఆవిడ ఉపన్యాసం విని కొత్త చొక్కాలు విప్పి విసిరేసిన కుర్రాళ్ళున్నారు. విలేకరులు వెంట రాగా ఆవిడ చేతులు లేని జాకెట్టులో వచ్చి, పేలికల వరసను కళ్ళు చెమర్చేలా చూస్తూ నడిచింది. పొడుగు కుట్టిన జత దగ్గర కాలరు తిప్పింది. కాలరు లోపల, తాను కొన్నప్పుడు కొట్టువాడు గుచ్చిన ధర చీటీ వేలాడుతోంది!

పొడుగు చీటీ తెంచడం మర్చిపోయాడు. మాస్టారు విలేకరులకు అడ్డంగా నిలబడ్డారు.

ఆవిడ ఆ చీటీని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకెత్తి చూసింది. "ధరను తెంచలేదు..." అంది చివరికి గద్గదంగా. "మనిషికి ధర కట్టే లోకం మీద ఎంత పెద్ద చెంపదెబ్బ!"

మొదటి బహుమతి అక్కడికక్కడే తేలిపోయింది. పొడుగు చెంపదెబ్బ కొట్టింది తనేనని నమ్మడానికి కొంచెం టైము పట్టింది.

హాల్లో ఏసీ గట్టిగా వేశారు. బహుమతులకు ముందు ఆవిడ చలికి వణుకుతూ వరండాలోకి వచ్చింది. బొత్తాం కోటు కనిపించింది. చీటీ చూడకుండానే తీసి తొడుక్కుంది.

"అబ్బ! ఎంత వెచ్చగా ఉంది! ఎవరు కుట్టారిది? ఇది నాకు కావాలి."

ప్రిన్సిపాల్‌గారు కంగారుగా పరిగెత్తుకొచ్చారు. "మేడమ్, క్షమించాలి. అది పోటీలో లేదు. కొత్త గుడ్డని తేలింది. తీసేశాం."

"కొత్తదా? మరీ మంచిది!" అందావిడ బొత్తాలు పెట్టుకుంటూ. అంతలోనే చేయి ఆగింది. "నిజంగా కొత్తదేనా? ఇంకెవరూ వేసుకోలేదుగా?"

"కమిటీ నిర్ధారించింది మేడమ్," అన్నారు మాస్టారు ఛాతీ విరిచి.

ఆవిడ బొత్తాం వైపు తిరిగింది. "నువ్వా అమ్మాయివి? దీన్ని నాకిచ్చెయ్. రేపు పేపర్లన్నిటిలోనూ నీ పేరు పడుతుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఉద్యోగం!"

అవునండీ, కొత్తదే. ఈ రెండు మాటలంటే చాలు. అవి బొత్తాం నాలిక చివరి దాకా వచ్చాయి కూడా. పక్కన బెంచీ మీద పెద్దమ్మ కూర్చునుంది.

"కాదండీ. పాతదే," అంది బొత్తాం. "మా పెదనాన్న ప్యాంట్లు. లోపలున్నవి ఆయన చొక్కాలు."

"పెదనాన్నా? ఆయనిప్పుడు..."

"లేరండీ. పోయారు."

ఆవిడ కేక విని హాల్లో ఉన్న విలేకరులు వరండాలోకి పరిగెత్తుకొచ్చారు. కోటు నేలమీద పడింది. "ఎవడో వేసుకున్నదా! చచ్చినవాడి ప్యాంటు నాకు తొడుగుతారా! ఛీ ఛీ, నీళ్ళేవీ? నీళ్ళు!" అంటూ పాత బట్టల ఉద్యమపు తల్లి భుజాల దాకా సబ్బు రుద్దుకుంటూ వరండా చివర కుళాయి దగ్గర గంతులేసింది.

పెద్దమ్మ లేచి కోటు తీసుకుని, దుమ్ము దులిపి, చేతిమీద వేసుకుంది.

"కంగారు పడకండమ్మా," అంది నెమ్మదిగా. "ఆయన చాలా శుభ్రమైన మనిషి."

ప్రిన్సిపాల్‌గారు అత్యవసర సమావేశం జరిపారు, నిలబడే. వెంటనే మూడో కాగితం పుట్టింది. 'పరులు వాడిన బట్టలు ప్రాంగణములోనికి తెచ్చి అతిథికి అసౌకర్యము కలిగించినందున తొలగించడమైనది.' మాస్టారు దాన్ని తెచ్చి తలొంచుకుని ఇచ్చారు.

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పొద్దున్న వచ్చిన దాన్ని తీసి పక్కన పెట్టుకుని మళ్ళీ చదివింది.

"బాబూ, ఇందులో కొత్తవన్నారు. ఇందులో వాడినవన్నారు. రెండిటి కిందా సంతకం మీదే. ఏది నిజమో నాకు తెలీడం లేదు. అక్కడ విలేకరులు ఖాళీగానే ఉన్నట్టున్నారు, చూపించి అడగనా?"

మాస్టారు రెండు కాగితాలూ మార్చి మార్చి చూశారు. కొత్తవంటే, అంత గొప్పావిడ కొత్త కోటు చూసి గంతులేసినట్టవుతుంది. పాతవంటే, తాము చెప్పినట్టే పిల్ల చేసినా కమిటీకి కళ్ళు లేవన్నట్టవుతుంది. ఆయన రెండు కాగితాలూ వినయంగా వెనక్కి తీసుకుని, గదిలోకి వెళ్ళి, ఇంకొకటి రాసుకొచ్చారు. 'నిబంధనలకు లోబడియున్నవి. ఉత్తీర్ణురాలు.'

"ఏ నిబంధనలకండీ?" అంది బొత్తాం, కళ్ళలో నీళ్ళతోనే నవ్వొచ్చి.

"అదొక్కటీ అడక్కమ్మా. నీకు పుణ్యముంటుంది. ముందా కాగితం దాచుకో."

బొత్తాం కాగితం జాగ్రత్తగా దాచుకుంది. పెద్దమ్మ కోటు తొడిగింది ఆ పిల్లకి. ఇద్దరూ మిగతా బట్టలు చేతులకెత్తుకుని వరండా దాటుతుండగా హాల్లో న్యాయనిర్ణేత మైకు అందుకుంది.

"...పాత బట్ట అంటే గుడ్డ కాదు, మిత్రులారా! అందులో బతికిన మనిషి! ఆ మనిషి చెమటను, ఆ మనిషి జ్ఞాపకాన్ని మన ఒంటికి హత్తుకున్ననాడే..."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. చేతిలో బహుమతి పట్టుకున్న పొడుగు కూడా గట్టిగా కొడుతున్నాడు. పెద్దమ్మ గుమ్మం దగ్గర ఆగి, చప్పట్లు సద్దుమణిగే దాకా శ్రద్ధగా విని, బొత్తాం భుజం తట్టింది.

"గబగబా పద తల్లీ. ఆవిడకి మళ్ళీ చలేసిందంటే కష్టం."