పొయ్యి పక్కన మోస్కాతో

ఆదివారం ఉదయం ఒరెస్తే పథకంలో ఏ లోపమూ లేదు. కూతురు నొరీనాతో తన కొడుకు పెళ్ళికి ఊ అనకుండా ఏడాదిగా నానబెడుతున్న కాబోయే వియ్యంకుడు బత్తిస్తా మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. మాంసం కూరిన పిండి బిళ్ళలు ఆన్యొలోత్తి, హేజెల్‌నట్ కేకు, దాంతోపాటు ఒరెస్తే స్వయంగా చేసిన తీపి వైను మోస్కాతో. ఆ తియ్యటి నురగ గొంతు దిగాక కాదనే మనిషి కనెల్లి కొండల్లో ఇంకా పుట్టలేదని ఒరెస్తే నమ్మకం.

"సీసాలు నేలమాళిగలో పెట్టమని వారం నుంచి మొత్తుకుంటున్నా," అంది భార్య డెల్ఫీనా. "పొయ్యి పక్కన ఏమిటయ్యా వాటి కాపురం?"

"వెచ్చగా ఉంటేనే పరిమళం విచ్చుకుంటుంది. నువ్వు పిండి సంగతి చూసుకో."

అంతలో ఢామ్మని ఒక సీసా పగిలింది. ఆ వెంటనే ఇంకొకటి. నొరీనాతో సహా ముగ్గురూ బల్ల కింద దూరారు.

"రెండు పోయాయి! ఇక ఒక్కటీ ప్రాణాలతో మిగలదు!" అని అరిచాడు ఒరెస్తే.

ఎదురింటి తిల్దేకు ఈ పెళ్ళి గొడవంతా తెలుసు. ఆ మోతా ఈ కేకా విని వెంటనే పోలీసులకు ఫోను చేసింది: "ఒరెస్తే వియ్యంకుణ్ణి కాల్చేస్తున్నాడు!"

ఫోను పెట్టి కిటికీలోంచి చూస్తే, బత్తిస్తా కొత్త సూటు వేసుకుని అప్పుడే వీధిలోకి వస్తున్నాడు.

"నువ్వింకా బతికే ఉన్నావా? పారిపోవయ్యా!" అని అరిచింది.

లోపల మళ్ళీ ఢామ్మంది. బత్తిస్తా ఒరెస్తే వాకిట్లోని కోళ్ళగూట్లోకి దూరాడు.

పోలీసులు ఇద్దరు వచ్చి, "తుపాకీ పడేసి బయటికి రా!" అని గద్దించారు.

ఒరెస్తే మిగిలిన ఒకే ఒక్క సీసాతో గడపలోకి వచ్చాడు. "తుపాకీ ఏమిటి సార్, నా మోస్కాతో ఇది!" అని చూపించేలోగా బిరడా ఎగిరి పెద్ద పోలీసు టోపీని లేపేసింది. కోళ్ళు బెదిరి బయటికి ఉరికాయి. వాటి వెనకే, ఒంటినిండా ఈకలతో బత్తిస్తా.

"నాన్నా, నా పెళ్ళి మంటగలిపావు," అని నొరీనా ఏడుపు అందుకుంది.

ఒరెస్తే ఏం చెయ్యాలో తోచక, సీసాలో మిగిలింది గ్లాసులో వంచి వియ్యంకుడి చేతికిచ్చాడు. బత్తిస్తా వణుకు తగ్గడానికి గటగటా తాగేసి, గ్లాసు వంక అనుమానంగా చూశాడు.

"ఇందులో తీపేదీ?"

డెల్ఫీనా చుక్క నాలుక మీద వేసుకుంది. పొయ్యి వేడికి వారం రోజులు పులిసి పులిసి తీపంతా హరించుకుపోయింది. ఒరెస్తే మొహం తెల్లబోయింది.

"నాకు తీపి వైనంటే చిన్నప్పటినుంచీ గిట్టదు," అన్నాడు బత్తిస్తా. "జీవితాంతం ఈ ఇంటికొచ్చినప్పుడల్లా అదే తాగాల్సొస్తుందనే ఇన్నాళ్ళూ ఈ పెళ్ళికి జంకాను. ఇదైతే ఎంతైనా తాగుతా. ముహూర్తం పెట్టండి."

"నీకోసమే అలా చేశాను బావా," అన్నాడు ఒరెస్తే, కన్నయినా ఆర్పకుండా.

పెళ్ళికి వైను మాత్రం డెల్ఫీనా బజారులో కొంది.