కిజోరాకు నిలువెత్తు బంగారం

ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయునదేమనగా, జపాన్ దేశపు బొమ్మల సీరియల్ 'కిజోరా' పుట్టి నలభై ఏళ్లు నిండిన శుభ సందర్భంలో హనుమకొండలో పదకొండు రోజుల ప్రదర్శన ఏర్పాటైంది. కిజోరా అంటే అరవై అడుగుల ఇనుప మనిషి. దాని ఛాతీలో ఒక సీటు ఉంటుంది. ఆ సీట్లో ఒక మామూలు మనిషి కూర్చుని దాన్ని నడుపుతాడు, లోకాన్ని కాపాడతాడు. ఈ సంగతి తెలిసినవారు సంతోషించగలరు. తెలియనివారు తెలిసినట్టే ఉండగలరు. ఉత్సవ కమిటీలో నూటికి తొంభై మంది అలాగే నెట్టుకొచ్చారు, ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

నిజంగా తెలిసిన ఆ పదిమందిలో శశాంక్ ఒకడు. వరంగల్ బీట్ బజార్‌లో బెల్లం దుకాణం సాంబయ్యకు ఒక్కగానొక్క కొడుకు, వయసు ముప్పై ఒకటి. చిన్నప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే టీవీలో తెలుగు మాట్లాడే కిజోరాను చూసేవాడు. టీవీవాళ్లు వేయడం ఆపేశారు గానీ ఇతను చూడటం ఆపలేదు. లోకంలో ఇనుప మనుషుల సీరియళ్లకు కొదవ లేదు. అయితే కిజోరాకు ఒక నియమం ఉంది. సీట్లో కూర్చున్నవాడు ముందుగా తన బరువెంతో గట్టిగా చెప్పాలి. చెప్పిన బరువూ ఉన్న బరువూ ఒకటైతేనే యంత్రం లేస్తుంది. కిలో తేడా వచ్చినా కదలదు, ఎదురుగా శత్రువు ఊళ్లు తగలబెడుతున్నా కదలదు. లోకాన్ని కాపాడే పని ఇంత చిన్న విషయం దగ్గర ఆగిపోవడమేమిటని పెద్దలు నవ్వేవారు. శశాంక్‌కు మాత్రం ఆ నియమం మీదే ప్రాణం.

అందుకే అతను పన్నెండేళ్ల వయసు నుంచి రోజూ దుకాణం తెరవగానే కాంటాలో కూర్చుంటాడు. అది రెండు పెద్ద పళ్లేలు వేలాడే పాతకాలపు కాంటా, సాంబయ్య దుకాణం పెట్టిన రోజున కొన్నది. శశాంక్ ఒక పళ్లెంలో కూర్చుని తన బరువు గట్టిగా చెబుతాడు. వర్ధన్నపేట దిక్కు నుంచి వచ్చి దుకాణంలో పనిచేసే మొగిలమ్మ రెండో పళ్లెంలో ఇనుప రాళ్లు పేరుస్తుంది. ముల్లు మధ్యకు వస్తే అతను లేచి చేతులు దులుపుకుని పనిలో పడతాడు. "ముప్పై ఏండ్లు దాటినయి, ఇంకా ఊయలల కూసున్నట్టే కూసుంటాండు" అని సాంబయ్య గొణుగుతూనే ఉంటాడు.

ఇప్పుడు ప్రదర్శనకు వస్తున్నది అలాంటిలాంటి బొమ్మ కాదు. పద్దెనిమిది అడుగుల ఎత్తు, ఛాతీలో నిజమైన సీటు, సీటు కింద బరువు చూసే యంత్రం. ఎక్కి కూర్చుని ఉన్న బరువు ఉన్నట్టు చెబితే కిజోరా కుడిచెయ్యి పైకి లేపుతుంది. ప్రారంభోత్సవం రోజున వరంగల్ అభిమాన సంఘం నుంచి ఒకరికి ఆ సీట్లో కూర్చునే అవకాశం ఇస్తామని నిర్వాహకులు ఉత్తరం రాశారు. సంఘం పెట్టింది శశాంకే కాబట్టి ఆ ఒక్కరూ అతనే. ఉత్తరం వచ్చిన రోజు నుంచి అతను తిండి కొలుచుకుని తినసాగాడు. పెళ్లిచూపులకు కూడా ఇంత ఆరాటపడలేదని సాంబయ్య బాధపడ్డాడు.

ఉత్తరం వచ్చేనాటికి సంఘంలో సభ్యులు తొమ్మిదిమంది. వారం తిరిగేసరికి రెండువేల మూడువందలు. ఇంతమంది ఇన్నాళ్లు తమ అభిమానాన్ని ఎంత గుట్టుగా దాచుకున్నారో తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. వెంటనే స్వాగత ఉపసంఘం, పూలదండల ఉపసంఘం, ఉపసంఘాల సమన్వయ సంఘం ఏర్పడ్డాయి. మొబైల్ దుకాణం నడిపే వంశీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. గౌరవాధ్యక్షులుగా రాంప్రసాద్ గారు దయచేశారు. వారికి అప్పటికే పద్నాలుగు సంస్థల గౌరవాధ్యక్ష పదవి ఉంది. ఊళ్లో ఏది మొదలైనా గౌరవం వైపు నుంచి వారే మొదలవుతారు.

చౌరస్తాల్లో ఫ్లెక్సీలు లేచాయి. నడుమ నిలువెత్తున రాంప్రసాద్ గారు రెండు చేతులు జోడించి ఉన్నారు. చుట్టూ డెబ్బై నాలుగు మంది సభ్యుల ముఖాలు, ప్రతివారికీ నల్లకళ్లద్దాలు. కింద కుడివైపు మూలన, ముద్రించినవారి ఫోన్ నంబరు పక్కన, కిజోరా ఉంది. తపాలా బిళ్లంతే ఉన్నా గుర్తుపట్టవచ్చు, దానికొక్కదానికే కళ్లద్దాలు లేవు. స్థలాభావం వల్ల శశాంక్ ఫోటో వేయలేకపోయినట్టు వంశీ స్వయంగా వచ్చి విచారం తెలిపి వెళ్లాడు.

ఇదంతా ఒక ఎత్తు, మొక్కు ఒక ఎత్తు. ప్రదర్శన మన ఊరికి వస్తే కిజోరాకు నిలువెత్తు బంగారం ఇస్తానని వంశీ మొక్కుకున్నాడట. మేడారం తల్లులకు మనిషెత్తు బెల్లం తూచి, దాన్ని బంగారమని సమర్పించుకోవడం ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా ఉన్నదే కాబట్టి మొక్కు అర్థం కాక ఎవరూ ఇబ్బంది పడలేదు. ఇబ్బంది బరువు దగ్గర వచ్చింది. సీరియల్ ప్రకారం కిజోరా నలభై మూడు టన్నులు. అది ఇంధనంతో కలిపా, ఇంధనం లేకుండానా అన్న ప్రశ్న మీద సంఘం రెండుగా చీలింది. ఇంధన వర్గం, ఖాళీ వర్గం అని రెండు వాట్సాప్ గ్రూపులు వెలిశాయి. చిన్ననాటి స్నేహితులు ముఖాలు తిప్పుకున్నారు. బెల్లం సరఫరా విషయం మాట్లాడటానికి రెండు వర్గాలూ సాంబయ్య దుకాణానికే రావడంతో, కిజోరాలో ఏదో మహిమ ఉందని ఆయన మొదటిసారి ఒప్పుకున్నాడు.

గోనెసంచులు మడుస్తున్న మొగిలమ్మ చర్చంతా విన్నది.

"మనం ఇచ్చుకునేది మన బరువు చిన్న సేటూ" అన్నది శశాంక్‌తో. "తల్లుల బరువు తూస్తమా ఎక్కడన్న? నేను మొన్న జాతరకు పోయి నా ఎత్తు ఇచ్చుకున్న, నలభై నాలుగు కిలోలు. నేనెంతనో అంతే."

శశాంక్‌కు ఆ మాట గుండెకు తగిలింది. సీరియల్ నలభై ఏళ్లుగా చెబుతున్నది ఇదే కదా అనిపించి, కమిటీ ముందు పెట్టాడు. సూచన చేసిన వ్యక్తి సంఘ సభ్యురాలు కాదు కనుక పరిశీలించలేమని కమిటీ విచారంతో తెలియజేసింది. చివరకు రెండు వర్గాలకూ సమ్మతమైన పరిష్కారం దొరికింది. కిజోరాకు ప్రతినిధిగా రాంప్రసాద్ గారిని తూచాలి. ఇంధనంతో కలిపే తూచాలి, మధ్యాహ్న భోజనం తర్వాత.

ప్రారంభోత్సవం రోజున డప్పులు మోగాయి. వేదిక మీద సాంబయ్య దుకాణం కాంటాను పూలతో అలంకరించి వేలాడదీశారు. రాంప్రసాద్ గారు ఒక పళ్లెంలో ఆసీనులయ్యారు. మొగిలమ్మ రెండో పళ్లెంలో పది కిలోల బెల్లం దిమ్మలు పేర్చసాగింది. ఏడు పెట్టింది, పళ్లెం ఊగలేదు. తొమ్మిది పెట్టింది, కొద్దిగా కదిలింది. పదకొండు దిమ్మలు పెట్టి, పైన రెండు కిలోల ముక్క వేస్తే ముల్లు మధ్యకు వచ్చింది. జనం లెక్కపెట్టారు, చప్పట్లు కొట్టారు.

తరువాత రాంప్రసాద్ గారు ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా, ఈ కిజోరా ఎక్కడో జపాన్‌ల పుట్టిందని కొందరు అంటాన్నరు. నేను ఒప్పుకోను. ధైర్యంల ఇది ఓరుగల్లు బిడ్డ. ఈ ఇనుము మన ఇనుము. చిన్నప్పటి సంది కిజోరా అడుగుజాడలల్ల నడిచిన మనిషిగ చెప్తాన్న, నిజాయితీ అంటే కిజోరా, కిజోరా అంటే నిజాయితీ."

జేజేల మధ్య, గౌరవాధ్యక్షుల హోదాలో ముందుగా తామే మెట్లెక్కి కిజోరా సీట్లో కూర్చున్నారు. కూర్చోవడానికి నలుగురి సాయం అవసరమైంది. మైకు నోటి దగ్గర పెట్టుకుని గంభీరంగా, "డెబ్బై ఎనిమిది" అన్నారు.

కిజోరా కదలలేదు. పెద్ద తెర మీద 'దయచేసి మళ్లీ చెప్పండి' అని అక్షరాలు వచ్చాయి. వారు మళ్లీ చెప్పారు. తెర మళ్లీ వేడుకుంది. అరగంట కిందటే పదకొండు దిమ్మలూ పైముక్కా కళ్లారా చూసిన జనం ఇప్పుడు నేల చూస్తున్నారు. యంత్రం వెంట హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు సింధు దగ్గరకొచ్చి నెమ్మదిగా, "మిషన్ బాగానే ఉంది సార్. చెప్పిన నంబర్ సరిపోవట్లేదు, అంతే" అన్నది. ఆ అమ్మాయికి లోకజ్ఞానం తక్కువని అక్కడే అందరికీ తెలిసిపోయింది.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. కాంటా నూట పన్నెండు అంటున్నది, యంత్రం డెబ్బై ఎనిమిది కాదంటున్నది. వేర్వేరు దేశాల్లో పుట్టిన రెండు వస్తువులు ఒకే మాట మీద ఉన్నాయంటే ఇందులో కుట్ర ఉండి తీరాలని వంశీ తేల్చాడు. అయితే ధ్రువీకరించడానికి ఒక నిపుణుడు కావాలి. కాంటా తెలిసినవాడూ కిజోరా తెలిసినవాడూ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు.

"చెప్పు బిడ్డా" అన్నారు రాంప్రసాద్ గారు సీట్లోంచే, మైకు తీయకుండా. "నువ్వు అబద్ధమాడవని అందరికి ఎరుకే. మీ కాంటా కరెక్టేనా?"

వంశీ శశాంక్ చెవి దగ్గరకొచ్చాడు. "జర సంభాళించు రా. ఆయన లేస్తెనే గద నీ నంబరు వచ్చేది."

శశాంక్ సీటు వైపు చూశాడు. పంతొమ్మిదేళ్లుగా పొద్దున పొద్దున దేనికోసం కాంటాలో కూర్చున్నాడో అది పది మెట్ల దూరంలో ఉంది. జాబితాలో రెండో పేరు అతనిదే. మొగిలమ్మ బెల్లం అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ అతని ముఖమే చూస్తున్నది.

"మా కాంటా జర పాతదన్నా" అన్నాడు శశాంక్. "నలభై ఏండ్లదాయె, మీదికి చూపెడ్తది. మిషన్ కొత్తది, దానికి ఇంకా మన దిక్కు అలవాటు కాలే."

సభ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఒకటి మరీ పాతది కావడం, ఒకటి మరీ కొత్తది కావడం వల్ల వచ్చిన సాంకేతిక సమస్యగా దీన్ని రికార్డు చేశారు. బరువు చూసే ఏర్పాటును వెంటనే ఆపేయవలసిందిగా సింధును కోరారు. అది ఆపేస్తే ఎవరు కూర్చున్నా చెయ్యి లేస్తుందని, ఇక కూర్చోవడానికి అర్థం ఉండదని ఆమె అన్నది. మొదటి సగం వినగానే కరతాళధ్వనులు మిన్నుముట్టడంతో రెండో సగం వినబడలేదు. రాంప్రసాద్ గారు డెబ్బై ఎనిమిది అన్నారు. కిజోరా చెయ్యి లేపింది. ఉత్సాహంలో వారు డెబ్బై రెండు అని సవరించుకున్నారు. కిజోరా దానికీ లేపింది.

తరువాత శశాంక్ ఎక్కాడు. సీటు అతను ఊహించినట్టే ఉంది, చల్లగా, కొద్దిగా వెనక్కి వాలి. కళ్లు మూసుకున్నాడు. "అరవై..." అన్నాడో లేదో చెయ్యి లేచిపోయింది. మిగతా అంకె నోట్లోనే ఉండిపోయింది. ఫోటోలు తీశారు. అతను దిగాక, ప్రసాదానికి పంచాల్సిన బెల్లం దిమ్మను చోటు లేక ఎవరో సీట్లో పెట్టారు. కిజోరా దానికీ చెయ్యి లేపింది. దిమ్మ ఏమీ చెప్పలేదు కూడా.

"నువ్వు మొత్తం చెప్పకముందే లేచింది చిన్న సేటూ" అన్నది మొగిలమ్మ. అంత సిగ్గు శశాంక్ తన జీవితంలో ఎరగడు.

ప్రదర్శన దిగ్విజయంగా ముగిసింది. పదకొండు రోజుల్లో వేలాది మంది పౌరులు సీట్లో కూర్చుని తమకు నచ్చిన బరువు చెప్పుకుని, కిజోరా చేత ఒప్పించుకుని వెళ్లారు. ఊరు మొత్తం మీద ఎన్ని టన్నులు తగ్గిందో ఇంధన వర్గంవారు లెక్కలు వేస్తున్నారు. కొత్త ఫ్లెక్సీ వెలసింది. ఈసారి స్థలాభావం కలగకుండా కిజోరాను తీసేసి, ఆ మూలన శశాంక్ ఫోటో వేశారు, నల్లకళ్లద్దాలతో. కింద 'నిజం నిలిపిన నిపుణుడు' అని రాయించారు. దాన్ని గౌరవపూర్వకంగా సాంబయ్య దుకాణం ఎదురుగానే కట్టారు.

దుకాణంలో మాత్రం ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. బెల్లం కొనడానికి వచ్చినవారందరూ, "మీ కాంటా మీదికి చూపెడ్తదట గద సేటూ, మీ పిలగాడే మైకుల చెప్పిండు. ఇంకో ముక్క ఎయ్యి" అంటున్నారు. నలభై ఏళ్లలో ఎన్నడూ ఒక మాట పడని సాంబయ్య, కొడుకు వైపు చూడకుండా ఇంకో ముక్క వేస్తున్నాడు. కాంటా సరిగ్గానే ఉందని శశాంక్ ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ అప్పుడు రాంప్రసాద్ గారి బరువు నూట పన్నెండు అవుతుంది. బయట ఫ్లెక్సీ కూడా ఉంది. అందుకని అనడం లేదు. పొద్దున్నే కాంటాలో కూర్చోవడం కూడా మానేశాడు.

కాంటా ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది. నమ్మకం లేనివారు బీట్ బజార్‌కు వచ్చి స్వయంగా కూర్చుని చూసుకోవచ్చు, రాళ్లు పేర్చడానికి మొగిలమ్మ ఉంటుంది. కూర్చునే ముందు మీ బరువెంతో గట్టిగా చెప్పాలి, నలుగురూ వింటారు. ఇది అచ్చయ్యేనాటికి ఇంకా ఎవరూ రాలేదు.