వెంకటి కాడ వాన

ఆ ఆదివారం పొద్దున శ్రీధర్‌రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ కాగానే దుబాయి మ్యూజిక్ సిస్టం మూత విప్పడం, లోపలి నాసిరకం భాగాలు పీకి హైదరాబాద్ కోఠీ నుంచి తెప్పించిన మేలురకానివి పెట్టడం, భోజనాల వేళకు మూత బిగించి హాయిగా పాటలు వినడం. లక్సెట్టిపేట జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషికి ఇదొక లెక్క కాదు.

సీడీలో ఉండేది పాట కాదనీ ఒట్టి అంకెలనీ, ఆ అంకెలను పాటగా మార్చేది కన్వర్టర్ అనీ, దాని పక్కన కంపెనీవాడు పిసినారితనంతో పెట్టిన ఐసీ, కెపాసిటర్ల వల్లే పాట మసకబారుతున్నదనీ ఆయన భార్య లీలాబాయికి ఇదివరకే చాలాసార్లు చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, అంకెలు పాడినా మనుషులు పాడినా తనకు ఒకటేననీ, ఇల్లంతా కాలిన కంపు చేయొద్దనీ అన్నది.

కంపు మామూలుగానే అయింది. అనుకోనిది మరొకటి జరిగింది. శనగగింజంత ఉన్న పాత కెపాసిటర్ల చోట పెట్టిన కొత్తవి బొటనవేలంత ఉండి, ఎంత నొక్కినా మూత పడలేదు. లోపల బల్లి పడుతుందని లీలాబాయి దానిమీద చాట బోర్లించింది. దుబాయి నుంచి పాత శిష్యుడు అంత మోజుగా తెచ్చిచ్చిన యంత్రం ఆనాటి నుంచి చాట కిందే కాపురం చేసింది.

పాట మాత్రం అద్భుతంగా వచ్చింది. మృదంగం ఆయన మధ్యలో గొంతు సవరించుకోవడం కూడా వినపడింది. దీంట్లో కేసెట్లు కూడా పెట్టవచ్చు, వాటి శబ్దమూ చివరికి బయటపడేది ఆ కొత్త భాగాల గుండానే. ఒక పాత కేసెట్ పెట్టి చూస్తే, ఎప్పుడూ ఉండే సూమనే చప్పుడు మాయమైంది. శ్రీధర్‌రావుకు పట్టరాని సంతోషమైంది. సంతోషం తనలోనే ఉంచుకునే స్వభావం కాదు ఆయనది, పక్కింటి రాజాన్ని పిలిచాడు. అక్కడే పని చెడింది.

అప్పట్లో ఊళ్లో ఏ ఇల్లు చూసినా ఒక మగమనిషి గల్ఫ్‌లో ఉండేవాడు. రాయడం రానివాళ్లు, వచ్చినా మనసొప్పనివాళ్లు, కేసెట్ నిండా మాట్లాడి ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. రాజం పరుగున పోయి తమ్ముడి కేసెట్ తెచ్చాడు. తమ్ముడు సెలవు దొరకలేదనీ, దసరాకు రాలేననీ ఏడుపు గొంతుతో చెబుతుండగా, వెనక నుంచి ఇంకెవడో సూట్‌కేసు జిప్పు లాగుతూ, సీదా అత్తగారింటికేనా అని అడగడం స్పష్టంగా వినిపించింది. రాజం చెప్పులు వేసుకుని, తమ్ముడి అత్తగారి ఊరి బస్సు కోసం నేరుగా బస్టాండుకు పోయాడు.

మర్నాడు కిష్టవ్వ వచ్చింది. ఆమె పెనిమిటి మస్కట్‌లో ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటున్నానని, ఇవాళా అంతేనని చెబుతుంటే, వెనక నూనె చిటపటలాడింది, ఎవరో కాలుముక్క తనకే కావాలన్నారు. ఆయనకు తోడుగా ఇక్కడ తానూ శనివారాలు కడుపు మాడ్చుకుంటున్న కిష్టవ్వ, ఇంటికి పోయి కోడిని కోసింది.

ఇక చెప్పేదేముంది, సారు దగ్గర అబద్ధాలు పట్టే మిషిన్ ఉన్నదని ఊరూవాడా గుప్పుమంది. అరుగు మీద జనం, వాకిట్లో చెప్పులు. వింటున్నకొద్దీ వదినామరదళ్లకు మాటలు బందయ్యాయి, వియ్యంకులు మొహాలు తిప్పుకున్నారు. మా వాడి మనసులో ఏమున్నదో కూడా చెబుతుందా అని ఒకాయన కర్చీఫ్‌లో కేసెట్ చుట్టుకుని హుస్నాబాద్ నుంచి బస్సెక్కి వచ్చాడు. శ్రీధర్‌రావు చాట పక్కన కుర్చీ వేసుకుని, ప్రతివాళ్లకూ కన్వర్టర్ గురించి ఓపికగా పాఠం చెప్పాడు. కాలేజీలో కూడా ఇంతమంది ఆయన మాట ఇంత శ్రద్ధగా వినలేదు.

చాయ్‌లు పోసి పోసి విసిగిన లీలాబాయి ఒక మాట అన్నది. "ఎంత వినిపియ్యాలె అనుకున్నరో అంతే చెప్పి పంపిండ్రు వాళ్లు. ఎనకది మీకెందుకు?" శ్రీధర్‌రావు నవ్వి తర్వాతి కేసెట్ అందుకున్నాడు.

ఆ వారంలోనే భూమవ్వ కొత్త కేసెట్ పట్టుకుని, తన కోడలు శంకరవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. భూమవ్వ కొడుకు వెంకటి సౌదీలో ఉన్నాడు. చల్లటి ఏసీ దుకాణంలో పని అని చెబుతాడు. కేసెట్ వచ్చినప్పుడల్లా అత్తాకోడళ్లు సారు ఇంటికే వచ్చి, గడప దగ్గర కూర్చుని వినిపోతారు. పాత చప్పుడు సూమంటున్నప్పుడల్లా భూమవ్వ, "మా వెంకటి కాడ వాన పడ్తంది సారు," అనేది. అది వాన కాదని, మిషిన్ చప్పుడని ఆయన వివరించేవాడు. ఆమె అంతా విని, తర్వాతి కేసెట్‌కు మళ్లీ వాన అనేది. పాపం, ఈ మనిషికి ఎంత చెప్పినా ఎక్కదని ఆయన జాలిపడేవాడు.

ఈసారి వాన లేదు. "అవ్వా, నేను మంచిగున్న," అన్నాడు వెంకటి, పక్కనే కూర్చున్నట్టు. ఆ మాట వెనక ఎక్కడో రేకు గాలికి కొట్టుకుంటున్నది. దాని వెనక గొర్రెలు. ఒకటీ రెండూ కాదు, అరుపు మీద అరుపు.

శంకరవ్వ తల ఎత్తింది. గొల్లవారి ఆడపిల్ల, మంద పక్కనే పుట్టి పెరిగింది. "శానా ఉన్నయి. ఒకదానికి దగ్గు బట్టింది," అన్నది మెల్లగా.

"దుకాణం ముందట్నుంచి మంద పోతున్నట్టున్నది బిడ్డా," అన్నది భూమవ్వ గబుక్కున.

అక్కడ ఊరుకుంటే ఆయన శ్రీధర్‌రావు ఎట్లా అవుతాడు? "గట్ల గాదు భూమవ్వా. మంద పోతుంటే చప్పుడు దూరమైతది. ఇది దూరమైతలేదు. గోడలుంటే మాట మోగుతది, గాడ మోగుతలేదు. అంటే దుకాణం లేదు, గోడ లేదు. అంతా బయలే." చెప్పి, అర్థమైందా అన్నట్టు ఇద్దరి వంకా చూశాడు.

వెంకటి మాత్రం చెబుతూనే ఉన్నాడు. ఎండే తగలదని, చెమటే పట్టదని, శంకరవ్వను పైలంగా ఉండమనమని. కేసెట్ అయిపోయాక శంకరవ్వ దాన్ని తీసుకుని కొంగున ముడేసుకుంది. చాయ్ ముట్టకుండానే ఇద్దరూ వెళ్లిపోయారు. లీలాబాయి వచ్చి చల్లారిన గ్లాసులు తీసింది. నిండుగా ఉన్న ఆ గ్లాసులు చూసి శ్రీధర్‌రావుకు తల తీసేసినట్టయింది.

మర్నాడు భూమవ్వ ఒక్కతే వచ్చింది. గడప దగ్గర కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది.

"పోరి అన్నం ముట్టలే సారు. గొర్ల కాపలా కోసం గంత దూరం పోవుడెందుకు, మా అవ్వగారింటి కాడ లేవా అని ఒకటే ఏడుపు."

"నాకు తెల్వక చెప్పిన భూమవ్వా. నీక్కూడా తెల్వదు గద," అన్నాడు ఆయన.

"నాకు మొదటి కేసెట్ కాంచే ఎరుక. కన్నదాన్ని గాదా సారు? చల్లగున్న అంటడు, నాలుకేమో ఎండిపోయి ఉంటది. సప్పుడు సందుల మేకో గొర్రో అరుస్తనే ఉంటది. పోరి చెవుల పడొద్దని వాన, వాన అన్న. అది గూడ వాననే ఇన్నది ఇన్ని రోజులు." చాట వంక చూసి అన్నది. "గా వాన మల్ల పెట్టుండ్రి సారు. మీ కాళ్లు మొక్కుత."

ఆయన ఇన్నాళ్లూ ఎవరికి పాఠం చెప్పాడో, ఎవరిమీద జాలిపడ్డాడో తలుచుకుంటే సిగ్గేసింది. అట్లాగే పెడతానన్నాడు. కానీ పాత భాగాలేవి? బియ్యంలో రాళ్లతోపాటు లీలాబాయి వాటిని ఏనాడో పెరట్లో చెత్తకుప్ప మీద పారబోసింది. శ్రీధర్‌రావు ధోవతి ఎగ్గట్టి మోకాళ్ల మీద కూర్చుని కుప్ప కెలకడం మొదలుపెట్టాడు. తమ్ముడితో తగువు పెట్టుకుని తిరిగి వచ్చిన రాజం గోడ మీంచి చూసి, ఉంగరం పోయిందనుకుని తానూ దిగాడు. ఒకరిని చూసి ఒకరు మరో నలుగురు దిగారు. దొరికినవాటిని చూసి, ఈ గింజల కోసమా ఇంత పరేషాన్ అని అందరూ చేతులు దులుపుకుని పోయారు.

పాతవి బిగించాడు. మూత పడ్డది. పాత ఐసీ దొరకక కొత్తదే ఉంచడంతో వాన చప్పుడు మాత్రం సన్నగా వచ్చింది. జీవితమంతా చప్పుడు తగ్గించడమే నేర్చుకున్న మనిషికి పెంచడం చేతకాలేదు. ఒక వైరు వదులు చేసి, ఎట్లున్నదని వంటింట్లోకి కేకేశాడు.

"ముసురే. ఇంకా జర గట్టిగ కొట్టాలె," అన్నది లీలాబాయి.

ఆమె చాలన్నదాకా ఆయన వైర్లు వదులు చేస్తూనే ఉన్నాడు. బంగారమసొంటి మిషిన్‌ను చేతులారా ఖరాబు చేసిండని ఊరంతా తిట్టింది. అరుగు ఖాళీ అయింది. కన్వర్టర్ గురించి అడిగే దిక్కు లేకపోయింది.

తర్వాతి కేసెట్ వచ్చింది. అత్తాకోడళ్లు మళ్లీ గడప దగ్గర కూర్చున్నారు. శంకరవ్వ చిక్కిపోయింది. శ్రీధర్‌రావు మీట నొక్కాడు. సూమంటూ మొదలైన హోరులో వెంకటి గొంతు మాత్రమే ఎక్కడో తేలుతూ వచ్చింది. మంచిగనే ఉన్నాడట.

భూమవ్వ ఏదో అనబోయింది. శంకరవ్వ అత్త చేయి పట్టుకుని, అంతకంటే ముందే అన్నది. "అత్తా, ఆయన కాడ ఈసారి గూడ వాన పడ్తంది. దిల్ మీద ఏం పెట్టుకోకు."

భూమవ్వ కోడలి మొహంలోకి చూసింది. తర్వాత ఇద్దరూ సారు వంక చూశారు.

"పడ్తంది. పెద్దవాననే," అన్నాడు శ్రీధర్‌రావు. అంతకుమించి ఏమీ వివరించలేదు. లీలాబాయి పెద్ద గ్లాసులతో చాయ్ తెచ్చింది, ఈసారి ఇద్దరూ తాగారు.

ఆ ఏడు మన దగ్గర వానలు అంతంతమాత్రమే. సౌదీలో మాత్రం బాగా కురిశాయి.