అల్లుడుగారి శూన్యం

కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్ ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. కాఫీ తాగి, సాయంత్రం ఇవ్వబోయే ఉపన్యాసం అద్దం ముందు ఒకసారి చెప్పుకోవాలి. "మీ శూన్యం గురించి వినడానికి నలుగురైనా రావడం లేదండీ. ఈసారీ అంతే అయితే మీ ప్రయోగశాలని స్టోర్ రూమ్ చేసేస్తాం," అని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడు.

అందుకే లెక్చరర్ గొంతు పెంచి మరీ మొదలుపెట్టాడు. "వాక్యూమ్‌లో శక్తి దాగుంది. దాన్ని వాడుకోగలిగితే చుక్క ఇంధనం లేకుండా అంతరిక్షంలో ఎంత దూరమైనా పోవచ్చు."

వంటింట్లో ఉన్న అత్తగారి చెవిన ఈ మాట పడింది. ఆవిడకు తెలిసిన వాక్యూమ్ ఒక్కటే. ఇల్లు ఊడ్చేది. తమ ఇంట్లోది చెడిపోయి అటకెక్కింది. పదిమందిలో మాట్లాడబోయే అల్లుడు ఒట్టి చేతులతో వెళ్తే ఏం బాగుంటుందని పక్కింటావిడను పిలిచింది.

"మీ ఇంట్లో వాక్యూమ్ ఉందా వదినా? మా అల్లుడు దాంతో రాకెట్ నడుపుతాడట."

"పాతదైతే ఫర్వాలేదా?"

"పాతదే మేలు. కొత్తది అంతరిక్షంలో పాడుచేసుకోవడం ఎందుకు?"

పక్కింటావిడ తను కుట్టుపని నేర్పే చోట చెప్పింది. అక్కడివాళ్ళు ఇళ్ళకెళ్ళి చెప్పారు. మధ్యాహ్నానికి ఆ మాట, పాత వాక్యూమ్ ఇచ్చినవాళ్ళని రాకెట్‌లో ఒక చుట్టు తిప్పి తీసుకొస్తారన్నంత వరకు వెళ్ళింది.

సాయంత్రం లెక్చరర్ హాలు గుమ్మంలోనే ఆగిపోయాడు. కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో వాక్యూమ్ క్లీనర్. ముందు వరసలో అత్తగారు, ఆవిడ పక్కన ప్రిన్సిపాల్.

ముందు వరసలోవాళ్ళని అడిగి సంగతి తెలుసుకుని లెక్చరర్ వేదికెక్కాడు. అబద్ధమాడటం చేతకాదు. నిజం చెబితే హాలు ఖాళీ అవుతుంది. అయినా మెల్లగా చెప్పాడు.

"నేనన్న వాక్యూమ్ ఇది కాదండీ. శూన్యం, అంటే ఏమీ లేని చోటు. అక్కడా కాస్త శక్తి ఉంటుంది. దాంతో రాకెట్ నడపడం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు. నావల్లా కాలేదు."

ఒక ముసలాయన లేచాడు. వెళ్ళిపోతున్నాడనుకున్నాడు లెక్చరర్.

"ఏమీ లేనిచోట శక్తి ఎలా ఉంటుంది బాబూ? అది చెప్పు," అని ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

లెక్చరర్ చెప్పాడు. గాలి కూడా లేని చోట రెండు లోహపు పలకల్ని వెంట్రుక కూడా దూరనంత దగ్గరగా పెడితే, ఎవరూ నెట్టకుండానే ఒకదాని వైపు ఒకటి జరుగుతాయని, అది ఆ శక్తి పనేనని చెప్పాడు. ప్రశ్న మీద ప్రశ్న వచ్చింది. చీకటి పడినా జనం కదల్లేదు. ప్రిన్సిపాల్ కూడా రెండు సందేహాలడిగి, స్టోర్ రూమ్ ఇంకెక్కడైనా చూసుకుంటామన్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో అత్తగారు తలొంచుకుని నడిచింది. "మీ పరువు తీసేశానా అల్లుడుగారూ?"

"ఇన్నేళ్ళలో నా మాట ఇంతమంది విన్నది ఇవాళే అత్తయ్యా. అంతా మీ చలవే," అన్నాడు. ఆవిడ చేతిలోని సంచీ తను అందుకున్నాడు.

జనం వదిలేసి వెళ్ళిన వాక్యూమ్ క్లీనర్లలో ఒక్కటీ పనిచేయకపోవడంతో, మర్నాడు హాలు చీపురుతోనే ఊడ్పించాల్సి వచ్చింది.