ముందుకే పోవాల్సిన సంచి

మంగళవారం పొద్దున మహేందర్ వేసుకున్న లెక్క చాలా తేలికైనది. తొమ్మిదింటికి సిద్దిపేటలో కారెక్కాలి, పన్నెండున్నరకల్లా శంషాబాద్‌లో దిగాలి, సాయంత్రం ఐదింటి విమానంలో బ్యాంకాక్ పోవాలి. నాలుగు రోజులు తిరిగి రావాలి. అతనిది ఎరువులు, విత్తనాల దుకాణం. బాగా అమ్మిన డీలర్లకు కంపెనీ ఈసారి భార్యలతో సహా టికెట్లు పంపింది.

ఈ ‘భార్యలతో సహా’ అనే మాట కోసం వనజ ఆరేళ్లు ఎదురుచూసింది. మహేందర్ ఇదివరకు రెండుసార్లు బ్యాంకాక్ పోయివచ్చాడు. రెండుసార్లూ "గది బిజినెస్ టూరు, నీకేం తోస్తది గాడ" అన్నాడు. రెండుసార్లూ ఆమెకు ఒక్కో నొప్పుల మందు డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. అవి ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉన్నాయి. ఈసారి పడవల మీద కూరగాయలమ్మే బజారు, పడుకున్న బంగారు బుద్ధుడు, సముద్రం, అన్నీ నెల రోజులుగా ఫోన్‌లో చూసి వనజ కాగితం మీద రాసుకుంది.

ఎనిమిదిన్నరకు మహేందర్ బీరువా ముందు నిలబడి అడిగాడు. "నా పాస్‌పోర్టేది?"

"నాది నా పర్సుల ఉంది. మీది మీ నల్ల సంచిల పెట్టుకున్నరు గద."

నల్ల సంచి లేదు. బీరువాలో లేదు, అటక మీద లేదు. మంచం కింద వెతికితే పోయినేడు పోయిన చెప్పు దొరికింది. ఇల్లు సంతలా తయారయ్యాక, అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్న తల్లి చంద్రవ్వ నిదానంగా నోరు విప్పింది.

"ఆ సంచి ఆయితారమే బయలెల్లింది గద కొడుకా."

"బయలెల్లుడేంది?"

"మంగళారం పూట పయనమా ఎవలన్న? గందుకే ఆయితారం మంచి గడియల నీ సంచి తీస్కపోయి అంజమ్మ ఇంట్ల పస్థానం పెట్టిన."

ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి రోజు చూసి ప్రయాణికుడి సంచిని ఇరుగింట్లో పెడతారు. మనిషి ఆనాడే బయల్దేరినట్టు లెక్క. పోయేరోజు ఆ సంచి తీసుకుని అటునుంచి అటే పోవాలి తప్ప దాన్ని మళ్లీ గడప లోపలికి తేకూడదు. లోకంలో ఎవరైనా ఆ సంచిలో పాత తువ్వాలో, గుప్పెడు బియ్యమో పెడతారు. చంద్రవ్వ అలా పైపైన పనులు చేసే మనిషి కాదు.

"ఉత్త సంచి పెడితే దేవుడు నమ్ముతడా? నువ్వు పొయ్యేటందుకు అసలుది గా పుస్తకమేనాయె. గది పెట్టిన."

"మరి నాకు పెట్టలేదా అత్తమ్మా?" అంది వనజ.

"నీకేమైతది బిడ్డా, నువ్వు గట్టిదానివి."

వనజ మొహం చిన్నబోయింది. కానీ అది చూసే తీరిక ఎవరికీ లేదు. మహేందర్ అప్పటికే చెప్పుల్లేకుండా ఎదురింటికి పరుగెత్తాడు. అంజమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే లోపల గూట్లోంచి మోగింది. ఆమె కొడుకు సాయికిరణ్‌కు చేస్తే, మనవరాలి అక్షరాభ్యాసానికి అందరూ వర్గల్ గుడిలో ఉన్నారని తెలిసింది. ఫోన్ అంజమ్మ తీసుకుంది.

"పెద్దమ్మా, నా సంచి ఇంట్లనే ఉందా?"

"అయ్యో, నీ పయనం లోపల పెట్టి తాళమేస్తనా కొడుకా? మనసొప్పలేదు. ఎనుకకు మీ ఇంట్ల ఇద్దామంటే ఇయ్యద్దాయె. మా తమ్ముడు పర్శరాములు పొద్దుగాల హుస్నాబాద్ పోతుంటే ఆయన చేతికిచ్చిన. సంచి ముందుకే పోవాలె గద."

శంషాబాద్ ఒక దిక్కు, హుస్నాబాద్ ఒక దిక్కు. ముందుకు అంటే ఎటో అంజమ్మ అడగలేదు. మహేందర్ పళ్లు కొరికి, తోటి డీలర్ గజేందర్‌ను పిలిచాడు. వాళ్లూ అదే విమానానికి పోతున్నారు.

"వనజను మీ కార్ల తీస్కపో. నేను హుస్నాబాద్ పోయి సంచి పట్టుకొని సక్కగ ఎయిర్‌పోర్టుకే వస్త."

వనజ సూట్‌కేసుతో గజేందర్ భార్య దేవిక పక్కన కూర్చుంది. "జల్ది రాండ్రి, నన్ను ఆగం చెయ్యకుండ్రి" అంది. ఆ గొంతులో సగం భయం, సగం కోపం ఉన్నాయి.

మహేందర్ పదింబావుకు హుస్నాబాద్ బస్టాండులో దిగాడు. పర్శరాములు నవ్వుతూ ఎదురొచ్చాడు. చేతిలో సంచి లేదు.

"నువ్వు తిప్పలబడి ఇంతదూరం వస్తున్నవని మా అక్క ఫోన్ చేసింది అల్లుడా. గందుకే సిద్దిపేట బస్సు డ్రైవర్‌కిచ్చి పంపిన. నీకు తొవ్వల ఎదురయ్యే ఉంటది."

"మామా, నేను వస్తున్నా అని తెలిసి పంపినవా?"

"తెలిసే పంపిన. నీకు తిప్పలెందుకని."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మహేందర్ కారు తిప్పుతూనే తల్లికి ఫోన్ చేశాడు. బస్టాండుకు పోయి సంచి తీసుకుని అక్కడే నిలబడమని మూడుసార్లు చెప్పాడు. చంద్రవ్వ మూడుసార్లూ "సరే" అంది.

పదకొండున్నరకు అతను సిద్దిపేట బస్టాండు చేరేసరికి తల్లి నిలబడే ఉంది. చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

"సంచేది అవ్వా?"

"పోయిన సంచి ఎనుకకొచ్చింది కొడుకా, నా పానం జల్లుమన్నది. ఎట్లన్న నువ్వు పట్నం దిక్కే పోవాల్నాయె. జూబ్లీ బస్టాండు పొయ్యే బస్సెక్కిచ్చిన. కండక్టరమ్మ మంచిది."

"బస్సు నంబరు?"

"ఎర్రబస్సు."

"నా ఫోన్ నంబరన్న ఇచ్చినవా?"

"నాకేం తెలుస్తది నీ నంబరు? తెల్లంగి, బట్టతల, మొఖం గంటు పెట్టుకోని ఉంటడని చెప్పిన."

ఇక్కణ్నుంచి ఆ రోడ్డు మీద కనిపించిన ప్రతి ఎర్రబస్సునూ మహేందర్ ఆపించాడు. మొదటిదాంట్లో ప్రయాణికులు తిట్టారు. రెండోదాంట్లో డ్రైవర్ తిట్టాడు. మూడోది సిరిసిల్ల నుంచి వస్తున్నది. ఇవన్నీ ఆపుతుండగా అసలు బస్సు హాయిగా పోయి జూబ్లీ బస్టాండులో ఆగింది, బట్టతల మనిషి కోసం కాసేపు చూసింది, ఒంటిగంట ముప్పావుకు మళ్లీ సిద్దిపేటకు బయల్దేరింది. మహేందర్ రెండింటికి చేరాడు.

ఆ సంగతి బస్టాండు వాళ్లు చెప్పగా విని, అతను ఎవరిని తిట్టాలో తెలియక బ్యాంకాక్‌ను తిట్టాడు. తర్వాత కారు వెనక్కి తిప్పి, ప్రజ్ఞాపూర్ దగ్గర మూడున్నరకు బస్సును పట్టుకున్నాడు.

కండక్టరమ్మ అతని తల కేసి, మొహం కేసి చూసి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా సంచి అందించింది. "మీ అవ్వ చెప్పింది, ఎట్లన్న ఎనుకకు తీస్కరావద్దని. మీరు రాకుంటే నేనేం జేత్తు సార్?"

పాస్‌పోర్టు ఉంది. దానికి నాలుగు మూలలా పసుపు కూడా ఉంది. విమానాశ్రయం ఇంకా రెండు గంటల దూరం. కౌంటరు నాలుగింటికి మూస్తారు. ఫోన్ మోగింది.

"దొరికిందా?" అంది వనజ.

"దొరికింది. ప్రజ్ఞాపూర్‌ల ఉన్న."

అవతల కౌంటరు ముందు వరుస కదులుతున్న చప్పుడు వినిపించింది.

"సరే ఇగ, గజేందర్ వాళ్ల కారు డ్రైవర్‌తోటి వాపస్ రా" అన్నాడు మహేందర్. "అచ్చేసారి ఇద్దరం పోదాం."

"అచ్చేసారి అని పోయినసారి గూడ అన్నరు." ఆమె సూట్‌కేసును వరుసలో ముందుకు జరిపింది. "రెండుసార్లు మీరు పోయిన్రు, నేను ఇల్లు చూసుకున్న. గిప్పుడు నేను పోతున్న, మీరు చూసుకోండ్రి. పొద్దుగాల ఆరింటికి నల్లా వస్తది, మోటరెయ్యండ్రి. అత్తమ్మ గోలీలు ఫ్రిజ్ మీద ఉన్నయి."

"ఒక్కదానివి ఏం చేస్తవు గాడ?"

"దేవిక ఉంది. కాగితం ఉంది. మీకేమన్న తేవాల్నా? నొప్పుల మందు తెస్త తియ్యండ్రి."

మహేందర్ రోడ్డు పక్కన చాలాసేపు కూర్చున్నాడు. కోపం ఎవరి మీదా నిలవలేదు. తలుచుకున్నకొద్దీ అది తన మీదికే వచ్చింది.

పొద్దు గూకే వేళకు సంచితో ఇల్లు చేరాడు. గడపలో చంద్రవ్వ చేయి అడ్డం పెట్టింది. మనిషిని రానిచ్చింది గానీ సంచిని రానివ్వలేదు.

మర్నాడు బుద్ధుడి కాళ్ల దగ్గర నిలబడి నవ్వుతున్న వనజ ఫొటో వచ్చింది. చంద్రవ్వ ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "పస్థానం గిట్ల ఏం లేకుంటనే ఎంత మంచిగ చేరింది పిల్ల" అని మెచ్చుకుంది. మహేందర్ మోటరు ఆపడానికి లేచాడు.

సంచి మాత్రం ఎదురుగా అంజమ్మ ఇంట్లో, గూట్లో, ఇంకా ప్రయాణంలోనే ఉంది.